బీరువాలో బొంత బతకదు

(కోనసీమలో ఒక ఊరి గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని ఎక్కించాం.)

అందరికీ నమస్కారమండి. వెనక వరసకి వినపడుతోందా? గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా లోపలికొచ్చి కూర్చోండి. బొంతలు చూపించేటప్పుడు దగ్గరగా ఉంటేనే కుట్టు కనపడుతుంది.

ఒక్కటి అడుగుతాను, మొహమాటపడకుండా చేతులెత్తండి. ఇంట్లో చేత్తో కుట్టిన బొంత ఉన్నవాళ్ళెంతమంది? చాలామందే ఉన్నారు. సంతోషం. మరి నిన్న రాత్రి ఆ బొంత కప్పుకుని పడుకున్నవాళ్ళెంతమంది? చూశారా, ఎన్ని చేతులు దిగిపోయాయో. మిగతా బొంతలన్నీ ఎక్కడున్నట్టండీ? బీరువాలో. అటక మీద ట్రంకు పెట్టెలో. మంచం కింద అరలో. అమ్మమ్మ కుట్టింది, అత్తగారు కుట్టారు, వాడితే పాడైపోతుందని దాచాం. ఎవర్నడిగినా ఇదే మాట.

ఈ పూట నేను చెప్పేది దానికి ఎదురు మాట. మన డెల్టాలో దాచిన బొంత పాడవుతుంది, వాడిన బొంత నిలుస్తుంది. పాడవుతుంది అంటే ఎలా పాడవుతుందో, వాడటం అంటే ఎలా వాడాలో, రెండూ చెబుతాను.

ముందు బీరువా సంగతి. నూలు గుడ్డ గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. మనకి పొడిగా తగిలే గుడ్డలో కూడా నూటికి ఏడెనిమిది వంతులు నీరే ఉంటుంది. గాలిలో తేమ 65, 70 శాతం దాటి, కదలకుండా అలాగే నిలిచిపోతే బూజు పడుతుంది. ఇప్పుడు మీరే చెప్పండి, ఆషాఢం నుంచి కార్తీకం దాకా మన ఊళ్ళో తేమ అంతకంటే తగ్గే రోజులెన్ని? ఒక పక్క సముద్రం, ఒక పక్క గోదావరి, మధ్యలో కాలవలు, చేలల్లో నిలిచిన నీళ్ళు. బీరువా తలుపు వేస్తే లోపల గాలి కదలదు. ఆరు పొరల బొంతని మూడుసార్లు మడిచారనుకోండి, నలభై ఎనిమిది పొరలవుతాయి. ఆ నడిమి పొరకి గాలి ఎప్పుడు తగులుతుంది? తగలదు. అందుకే పైన చూస్తే బాగానే ఉంటుంది, విప్పి చూస్తే ముక్కిన వాసన, నల్లటి చుక్కలు.

రెండోది మడత. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే ఆ గీత మీద పోగులు విరుగుతాయి. చాలాకాలం దాచిన బొంతని ఒకసారి విప్పి వెలుతురుకి పట్టి చూడండి. గుడ్డ ముందు పలచబడేది మడత గీత మీదే. దాని మీద ఇంకో నాలుగు దుప్పట్లు పెట్టారా, ఆ బరువుకి ఇంకా తొందరగా పిగులుతుంది.

మూడోది, పెట్టె. చెక్క పెట్టెలో చెక్కకి నేరుగా తగిలిన చోట గుడ్డ పసుపు తిరిగి, తర్వాత గోధుమరంగుకి వస్తుంది. చెక్కలోంచి ఆమ్లం వస్తుందండి, అది నూలుని చివికేలా చేస్తుంది. ఇనప ట్రంకులో అయితే తుప్పు మరకలు. చీరలతో వచ్చే ప్లాస్టిక్ జిప్పు సంచీ ఉంది చూశారూ, అందులో పెట్టడం అన్నిటికంటే చేటు. లోపలున్న చెమ్మ బయటికి పోలేదు.

ఇక కలరా ఉండలు. ఇది కొంచెం గట్టిగా చెప్పాలి. కలరా ఉండల వాసనకి దూరంగా పోయేది ఉన్నినీ పట్టునీ తినే చిమ్మట. ఆ చిమ్మటకి శుభ్రంగా ఉన్న నూలు గుడ్డ తిండే కాదు. నూలు బొంతకి మన ఇళ్ళల్లో శత్రువులు ఎవరు? పుస్తకాల్లో, గోడ మీద క్యాలెండరు వెనకాల తిరిగే ఆ వెండి రంగు పురుగు, బొద్దింక, ఎలుక. వెండి పురుగు వచ్చేది గంజి కోసం. గంజి పెట్టిన చీరతో బొంత కుట్టి దాచితే దానికి భోజనం పెట్టినట్టే. చెమ్మనైతే కలరా ఉండ ఆపనే ఆపదు. పైగా పసిపిల్లల బొంతలో, పొత్తిగుడ్డల్లో ఆ ఉండలు వెయ్యకండి. జీ సిక్స్ పీడీ లోపం అని ఒకటుంది, రక్తకణాలని కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం. అది ఉన్న పిల్లలకి ఆ వాసన తగిలిన గుడ్డలు కప్పితే ఒంట్లో రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదరొచ్చు. ఆ లోపం ఉందో లేదో పుట్టగానే మనకి తెలియదు కదా. కాబట్టి పురిటింట్లో కలరా ఉండ మాటే వద్దు.

మ్యూజియంలో దాచటం లేదా అంటారు. దాస్తారండీ. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని ఒక ఊరుంది, నదీ వంపులో. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పాత పని బట్టలు, అరిగిపోయిన ప్యాంట్లు కలిపి చలికి బొంతలు కుట్టుకున్నారు. 2002లో వాటిని హ్యూస్టన్‌లో పెద్ద మ్యూజియంలో గోడకి వేలాడదీశారు, 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు కూడా వేశారు. బాగుంది. కానీ మ్యూజియంలో ఇరవైనాలుగు గంటలూ చల్లదనం, తేమ ఒక్కలాగే ఉంచే యంత్రాలు నడుస్తాయి. మన బీరువాలో ఏం నడుస్తుంది? ఇంకో సంగతి, ఆ బొంతలు కుట్టింది గోడకి కాదు, పిల్లలకి చలెయ్యకుండా. ఏళ్ళ తరబడి మంచాల మీద వాడాకనే అవి అక్కడికి చేరాయి.

సరే, వాడదాం. వాడితే అరగదా? అరుగుతుందండి. ఎక్కడ అరుగుతుందో ముందే తెలుసు కాబట్టి ఆ చోటుకి కాపలా పెట్టుకోవచ్చు.

మొట్టమొదట పాడయ్యేది తల వైపు అంచు. మన దగ్గర తలకి కొబ్బరినూనె రాయకుండా ఎవరు పడుకుంటారు? నూనె, చెమట, మొహానికి రాసుకున్నది, అన్నీ ఆ జానెడు మేరలోనే దిగుతాయి. నూనె పాతబడితే పసుపు పచ్చగా, జిగురుగా మారి గుడ్డని పట్టుకుంటుంది. అప్పుడది మామూలు ఉతుకుకి పోదు. దీనికి తల పట్టీ వెయ్యండి. బొంత ఎంత వెడల్పుంటే అంత పొడవు, ఇరవై అంగుళాల వెడల్పు ఉన్న మెత్తటి పాత గుడ్డ. దాన్ని సగానికి మడిచి తల వైపు అంచుకి తొడిగితే ఇటు పది అంగుళాలు, అటు పది అంగుళాలు వస్తుంది. అర అంగుళం పొడుగు టాకాలు వేసి వదిలెయ్యండి, ముడి గట్టిగా వద్దు. వారానికోసారి దారం లాగేసి పట్టీ ఒక్కటే ఉతికి మళ్ళీ వేసుకోవచ్చు. రెండు పట్టీలుంటే ఒకటి దండెం మీద, ఒకటి బొంత మీద. ఈ ఒక్క పనితో పెద్ద ఉతుకులు సగానికి తగ్గుతాయి. పెద్ద ఉతుకు ఎంత తగ్గితే బొంతకి అంత ఆయుష్షు.

తర్వాత అరిగేది చుట్టూ అంచు. లాక్కునేది అక్కడే కదా, పిల్లలిద్దరూ చెరో పక్క లాగేదీ అక్కడే. అంచుకి విడిగా పట్టీ కుట్టుకోవాలి, రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగైదుసార్లు ఉతికిన లుంగీ గుడ్డయితే సరిపోతుంది. పట్టీ చిరిగితే పట్టీ మారుస్తాం, బొంత జోలికి పోనక్కర్లేదు. తల వైపు, కాళ్ళ వైపు కూడా మార్చుతూ ఉండండి. నెలకోసారి తిప్పెయ్యండి, పైది కిందికి.

పొద్దున్న లేవగానే మడతపెట్టకండి. ఇది చాలా ఇళ్ళల్లో జరుగుతుంది, పక్క సర్దేయాలని తొందర. రాత్రంతా ఒంటి చెమ్మ పీల్చిన గుడ్డ అది. ఒక గంట దండెం మీదో, మంచం కోడు మీదో వేసి ఉంచి, ఆరాక మడవండి. ఏరోజు మడతకి ఆరోజు చోటు మార్చండి, ఒక రోజు మూడుగా, ఒక రోజు నాలుగుగా.

ఇప్పుడు కొత్తగా కుట్టుకోవాలనుకునేవాళ్ళకి. వాడటానికి కుట్టే బొంత వేరు, చూపించటానికి కుట్టేది వేరు. వాడే బొంతకి గుడ్డే ప్రాణం. బండార్లంక నేత చీరలాంటిది, పది పన్నెండేళ్ళు కట్టి మెత్తబడింది, అది మేలు. పాత పంచెలూ బాగుంటాయి. నైలాన్, పాలిస్టర్ చీర ఒక్క పొర కూడా వద్దు. మధ్యలోనే కదా, కనపడదు కదా అంటారు. అది చెమట పీల్చదు, పక్క పొరల మీద జారుతుంది, ఆ జారుడుకి కుట్టు కదిలిపోతుంది. జరీ అంచు కత్తిరించి తీసెయ్యండి, పక్క పొరని గీరుతుంది. గంజి పూర్తిగా పోయేలా రెండుసార్లు ఉతకండి. కొత్త గుడ్డ ఏదైనా కలిపితే ముందే ఉతికి ఆరబెట్టి కలపండి. లేకపోతే మొదటి ఉతుకులో అది ఒక్కటే ముడుచుకుని బొంతంతా ముడతలు పడుతుంది. ఎరుపు, మెరూన్ రంగులున్నవైతే తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటుకుంటే ఆ చీర ఇంకో పనికి వాడుకోండి.

లెక్క చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. ఒక చీర అయిదున్నర మీటర్లు. దాన్ని మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి ఆరడుగులు, వెడల్పు మూడుముప్పావు, నాలుగడుగుల మధ్య. అంటే ఒక చీరకి ఒకరు కప్పుకునేటంత మూడు పొరలు వస్తాయి. ఎండాకాలం ఫ్యాను కిందకీ, ఏసీ గదికీ మూడు పొరలు చాలు. ధనుర్మాసం చలికి రెండు చీరలు, ఆరు పొరలు. ఇద్దరికి సరిపడా అయితే చీరని సగం చేసి పొడుగు అంచులు కలిపి కుడితే ఒక పొర, అలా మూడు చీరలకి మూడు పొరలు. ఆరు పొరలకి మించి కప్పుకునే బొంతకి వద్దండి. తడిస్తే బరువు రెండు మూడింతలవుతుంది, ఎత్తి ఆరబెట్టేదెవరు?

పరిచేటప్పుడు నున్నటి గచ్చు మీద పరిచి, నాలుగు మూలలా బరువు పెట్టి, ఒక్కో పొరా అరచేత్తో మధ్య నుంచి బయటికి సాపు చెయ్యండి. ముందు జానెడేసి దూరంలో పెద్ద టాకాలు, అవీ మధ్య నుంచి అంచులకి. రెండు పక్కల నుంచీ కుట్టుకుంటూ మధ్యకి వస్తే ఏమవుతుంది? వదులంతా మధ్యలో చేరి ఉబ్బు తేలుతుంది. అది ఇక పోదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ది తెగ ఆడవాళ్ళు కుట్టే కవంది అనే బొంత మాత్రం అంచు నుంచి మొదలై చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తుంది. వాళ్ళకి ఉబ్బు రాకపోవటానికి కారణం, పైముక్కల్ని ముందే పరచరు, కుట్టుకుంటూ వచ్చే కొద్దీ ఒక్కో ముక్కా అంచు మడిచి అప్పటికప్పుడు పెట్టుకుంటారు. అది వేరే పద్ధతి, చాలా అందమైన పద్ధతి.

కుట్టు వరసల మధ్య అంగుళం. రెండంగుళాలైతే ఉతికినప్పుడు పొరలు జరుగుతాయి. అర అంగుళమైతే పట్టాలా గట్టిపడుతుంది, పొరల మధ్య గాలి నిలవదు, గాలి నిలవకపోతే వెచ్చదనం ఎక్కడిది? దబ్బనంతో కుట్టకండి, చిల్లి పెద్దదై అక్కడి నుంచే పిగులుతుంది. రెండంగుళాల సూది చాలు. దారం నూలుదే వాడండి. పాలిస్టర్ దారం గట్టిది కదా అంటారు. గట్టిదే, అదే చిక్కు. మెత్తబడ్డ పాత గుడ్డని ఆ దారం కోసేస్తుంది. ఏదో ఒకటి తెగక తప్పనప్పుడు దారం తెగాలి, గుడ్డ తెగకూడదు. దారం తెగితే పది నిమిషాల్లో మళ్ళీ కుడతాం. మొదట్లో, చివర్లో ముడి వెయ్యకుండా మూడు కుట్లు వెనక్కి వేసి లోపలికి తోసెయ్యండి. ముడి గుడ్డలోంచి ఊడొచ్చేస్తుంది.

ఉతుకు. నెలకీ, నలభై రోజులకీ ఒకసారి చాలు, తల పట్టీ ఉంటే. ఉతికేముందు చిల్లులు వెతికి కుట్టండి. చిటికెనవేలు దూరేటంత చిల్లి ఉతుకులో అరచెయ్యంత అవుతుంది. బండ మీద బాదకండి. మెలిపెట్టి పిండకండి. పెద్ద టబ్బులో పావుగంట నానబెట్టి, కుంకుడు రసమో ఘాటు లేని సబ్బో వేసి కాళ్ళతో మెల్లగా తొక్కండి. నీళ్ళు తేరేదాకా మూడుసార్లు మార్చండి. సబ్బు మిగిలితే గుడ్డ గరుకెక్కి పసుపు తిరుగుతుంది. పైకి ఎత్తేటప్పుడు ఒక కొస పట్టుకుని లాగకండి, మొత్తం బరువు ఆ కుట్ల మీద పడుతుంది. టబ్బులో ముందే ఒక దుప్పటి వేసి, దానితో సహా ఇద్దరు ఎత్తండి. మిషన్లో వెయ్యొచ్చా అని అడుగుతారు. కొత్తది, కుట్టు దగ్గరగా ఉన్నది, ముందు తలుపు మిషన్లో నెమ్మది ఉతుకు మీద వెయ్యొచ్చు. పైనుంచి వేసే మిషన్లో మధ్య కాడ మెలితిప్పుతుంది, పాత బొంత వెయ్యకండి.

నీళ్ళ విషయం మనకి ముఖ్యం. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పన, కొన్ని చోట్ల ఇనుము. ఇనుమున్న నీళ్ళల్లో బ్లీచింగ్ వేస్తే తెల్లబడదు సరికదా తుప్పు మరక పడుతుంది. తుప్పు మరకకి నిమ్మరసం, ఉప్పు రాసి కాసేపుంచి బాగా కడిగెయ్యండి. కడగకుండా వదిలేస్తే ఆ పులుపే గుడ్డని తినేస్తుంది. పెద్ద ఉతుకులు వేసవిలో కాలవలు కట్టెయ్యకముందే పెట్టుకుంటే నీళ్ళకి ఇబ్బంది ఉండదు. కాలవ నీళ్ళల్లో ఒండ్రు ఉంటుంది, బిందెల్లో తేర్చుకుని వాడండి.

ఆరవేసేది ఒకే తాడు మీద కాదు. రెండు మూడు తాళ్ళ మీద పరిచినట్టు వెయ్యండి, లేదా నులక మంచం మీద. ఇనప తీగ మీద వేస్తే అడ్డంగా తుప్పు గీత. ఎండ మంచిదే, కానీ మధ్యాహ్నపు ఎండ రంగునీ పోగునీ రెండింటినీ తింటుంది. పొద్దున్న ఎండ, లోపలి వైపు పైకి పెట్టి, గంటకోసారి తిప్పుతూ. పైన ఆరినట్టుంటుంది, మోసపోకండి. మధ్యలో రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. రోహిణీ కార్తె ఎండకి ఉతికిన బొంత వెయ్యనే వద్దు, నీడలో గాలికే ఆరిపోతుంది.

వరద మాట కూడా చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు. 1986 ఆగస్టులో దాటింది, 2022 జూలైలో దాటింది, లంకల్లో ఉన్నవాళ్ళకి నేను చెప్పేదేముంది. బీరువా కింది అరలో, ట్రంకు పెట్టెలో ఉన్న బొంతలే ముందు మునుగుతాయి. మునిగినవి రెండు రోజుల్లోపల విప్పకపోతే బూజు పట్టేస్తుంది. బురద తడిగా ఉండగానే మంచినీళ్ళతో జాడించండి, ఎండబెట్టి తర్వాత ఉతుకుదాం అనుకుంటే ఒండ్రు పోగుల్లో దిగిపోతుంది. మంచినీళ్ళు దొరకని పరిస్థితి ఉంటుంది, అప్పుడు మాత్రం పూర్తిగా ఎండనిచ్చి మెత్తటి బ్రష్షుతో దులిపి, నీళ్ళొచ్చాక ఉతకండి. సగం ఎండినదాన్ని మాత్రం రుద్దకండి. ఎండినా ఎండకపోయినా వరద నీళ్ళల్లో మురుగు కలుస్తుంది, వేడినీళ్ళల్లో నానబెట్టాకే మనుషులకి కప్పండి.

చిరుగు బాగు చెయ్యటం. పాత గుడ్డకి పాత గుడ్డే మాసిక వెయ్యాలి. కొత్త గట్టి గుడ్డ వేస్తే దాని అంచు వెంటే పాతది మళ్ళీ చిరుగుతుంది. చిల్లి చుట్టూ గుడ్డ గట్టిగా ఉన్న చోటు దాకా, అంటే చిల్లి కంటే నాలుగు వైపులా అంగుళం ఎక్కువ ముక్క తీసుకోండి. చివికిన భాగాన్ని కత్తిరించి పారెయ్యకండి, అది లోపల ఉండనివ్వండి. కుట్టేరోజే అదే చీరల్లోంచి నాలుగైదు ముక్కలు మిగిల్చి, బొంత ఉతికినప్పుడల్లా వాటినీ ఉతకండి. ఏళ్ళ తర్వాత మాసికకి తీస్తే రంగు బొంతతో పాటే వెలిసి ఉంటుంది. ఒక మొహం మొత్తం అరిగిపోయిందా? దాని మీద ఇంకో చీర పరిచి మళ్ళీ అన్ని పొరలకీ కుట్టండి. అరిగిన మొహం నడిమి పొర అవుతుంది. అప్పటికి అది కప్పుకోవటానికి బరువైతే పరుచుకోవటానికి, తుంగచాప మీద వేసుకోవటానికి బాగుంటుంది. ఆ తర్వాత పరుపు కింద. ఆ తర్వాత గుమ్మంలో పట్టా. నాలుగు బతుకులున్న వస్తువుని ఒక్క బతుకూ బతకనివ్వకుండా అటకెక్కించటం నాకు నిజంగా బాధగా ఉంటుందండి.

మంచం పట్టిన పెద్దవాళ్ళున్న ఇళ్ళకి ఒకటి చెబుతాను. మూడడుగుల చదరం, ఎనిమిది పొరలు, పక్క మీద వెయ్యటానికి చిన్న బొంతలు నాలుగు కుట్టుకోండి. తడిస్తే అదొక్కటే మారుస్తారు, పక్కంతా మార్చక్కర్లేదు. రబ్బరు షీటు మీద నేరుగా పడుకోబెడితే చెమటకి వీపు ఒరుసుకుపోతుంది, మధ్యలో ఈ బొంత ఉండాలి. పసిపిల్లలకైతే బొంత కింద బిగువుగా, ముడత లేకుండా పరచండి. ఏడాది లోపు బిడ్డ మీద బరువు బొంత కప్పొద్దు, మొహం మీదికి జారితే తీసుకోలేరు.

అమ్మ చీరతో కుట్టింది, అది చిరిగిపోతే గుర్తేం మిగులుతుంది అని ఇందాక ఒక అమ్మాయి చీటీ పంపింది. ఏ తల్లి చీర దాచినా కారణం ఇదే, అర్థమైందమ్మా. ఇలా చెయ్యి. కొంగులోంచి, అంచు కలిసొచ్చేలా జానెడు ముక్క తీసి, ఉతికి, గంజి లేకుండా ఆరబెట్టి, తెల్లటి పాత పంచె ముక్కలో చుట్టి పెట్టుకో. ఆరునెలలకోసారి తీసి గాలికి వెయ్యి. బొంత మూల మీద అమ్మ పేరూ, కుట్టిన సంవత్సరమూ దారంతో కుట్టు, సిరా అయితే కారిపోతుంది. మిగిలిన చీరంతా కప్పుకో.

దాచక తప్పని బొంతలుంటాయి, పట్టువి, బాగా చివికినవి. వాటిని పీవీసీ గొట్టానికి పాత నూలు చీర చుట్టి, దాని మీద బొంత చుట్టి, మళ్ళీ నూలు చీరతోనే కప్పండి. మడత ఉండదు. చోటు లేదంటే, ఎవరూ పడుకోని మంచం మీద పరిచి పైన దుప్పటి కప్పండి, అంతకంటే మంచి చోటు లేదు.

ఇక తెచ్చినవాళ్ళు బొంతలు విప్పండి. చిరుగులున్నవి ఈ బల్ల మీదికి, మరకలున్నవి ఆ కిటికీ దగ్గరికి. సూదులు, నూలు దారం, తల పట్టీకి గుడ్డలు ఇక్కడున్నాయి. ముందు అంచులు చూద్దాం.